సిమ్ము ఎవరి పేరు మీద ఉంది

ముమ్మిడివరంలో మొగుడి ఇంటి నుంచి వచ్చేసినప్పుడు ఉమామహేశ్వరి వెంట తెచ్చుకున్నవి కొన్ని బట్టలు, మగ్గం సూదుల డబ్బా, పగిలిన ఫోన్లోంచి ఊడదీసిన సిమ్ము. ఫోను మాత్రం తేలేదు. తెచ్చుకోవడానికి అది ఫోనులా మిగలలేదు. ముందురోజు సాయంత్రం శివనాగరాజు దాన్ని నేలకేసి కొట్టి, అదీ చాలక మడమతో తొక్కేడు.

కారణం చెప్పుకుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. జాకెట్టు కొలతల కోసం ఎవరో ఆవిడ ఫోన్ చేస్తే ఉమామహేశ్వరి పెరట్లోకి వెళ్ళి మాట్లాడింది. పెరట్లోకి ఎందుకెళ్ళేవని అతను. ముందు గదిలో టీవీ మోతకి వినపడట్లేదని ఈమె. అంతే.

శివనాగరాజు రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు. ఊళ్ళో అతనికి మంచి పేరు. ఎవరితో మాట్లాడినా 'అండీ' లేకుండా మాట పూర్తి కాదు. ఆ మర్యాదంతా గుమ్మం బయట చెప్పులతోపాటే విడిచేసి లోపలికొస్తాడని తెలిసింది ఉమామహేశ్వరి ఒక్కదానికే. పుట్టింట్లో చెబితే వాళ్ళు నమ్మలేదని కాదు. నమ్మేరు. నమ్మి, సర్దుకోమన్నారు.

అందుకే ఈసారి పుట్టింటికి పోలేదు. రాజోలులో స్టెల్లా గారింటికి వెళ్ళింది.

స్టెల్లా నర్సింగు పిల్లలకి పాఠాలు చెప్పే టీచరు. భర్త సాలమోను కువైట్‌లో డ్రైవరు. కూతురు నిఖిత పెళ్ళికి తెల్ల జాకెట్టు మీద ముత్యాల పని చేయించుకోవడానికి ఆవిడ నాలుగైదు సార్లు ముమ్మిడివరం వచ్చింది. ఒకసారి కొలత తీస్తున్న ఉమామహేశ్వరి మోచేతి దగ్గర కమిలిన మచ్చ చూసి, ఏమిటని అడగలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఎప్పుడైనా మా ఇంటికి రావాలనిపిస్తే వచ్చేయమ్మా. ముందుగా చెప్పక్కర్లేదు," అంది.

ఉమామహేశ్వరి చెప్పకుండానే వచ్చింది. స్టెల్లా గేటు తీసి, సంచీ అందుకుని, "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగింది.

వసారాలో తన పాత కుట్టు మిషను వేసుకోవడానికి చోటు చూపించింది. బీరువాలో ఊరికే పడున్న ఫోను తీసి చేతికిచ్చింది. సాలమోను కిందటిసారి సెలవుకొచ్చినప్పుడు తెచ్చిన ఫోను అది. వంగపండు రంగులో వెడల్పుగా ఉంటుంది. ఆ మోడలు మన దేశంలో అమ్మరట. ఆయన తర్వాత ఇంకోటి పంపించడంతో ఇది పక్కన పడింది.

"ఆ సిమ్ము పారేసి కొత్తది తీసుకోకూడదూ?" అంది స్టెల్లా.

"అందరి దగ్గరా ఉన్నది ఈ నంబరేనండి. ఆలమూరు నుంచి అంతర్వేది దాకా నా చేత జాకెట్లు కుట్టించుకున్నోళ్ళందరికీ నేనంటే ఈ నంబరే. బ్యాంకుకి కూడా ఇదే ఇచ్చేను. ఇది పోతే నేను పోయినట్టే."

"ఫోన్ చేసి విసిగిస్తాడేమో."

"అతని నంబరు రాకుండా ఆపేస్తానండి. ఎక్కడున్నానో ఎలాగూ తెలీదు కదా."

సిమ్ము పెట్టి ఫోను వెలిగించగానే సిగ్నలు వచ్చింది. ఒకదాని వెనక ఒకటి మెసేజులు పడ్డాయి. 'ఉమక్కా, నా పచ్చ జాకెట్టు ఎంతవరకు వచ్చింది?' 'ఉమ గారూ, చేతులకి నెట్టు వద్దు, మామూలుగానే వేసెయ్యండి.' అవి చదువుతుంటే ఆమెకి ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. తన పని తన చేతిలోనే ఉంది. తన మనుషులు తనని అడుగుతూనే ఉన్నారు. ఆ రోజు మధ్యాహ్నం స్టెల్లా గారి సోఫాలో పడుకుని, ఎన్నాళ్ళకో కల లేకుండా నిద్రపోయింది.

ఆమె సిమ్ము ఆ ఫోన్లో పెట్టిన కాసేపటికే, చెరువు గట్టు మీద మేత కొలిపిస్తున్న శివనాగరాజు ఫోనుకి ఒక మెసేజు వెళ్ళిందన్న సంగతి ఆమెకి ఆదివారం దాకా తెలీదు.

ఆదివారం ప్రార్థనకి స్టెల్లా గుడికి వెళ్ళింది. ఉమామహేశ్వరి వసారాలో కూర్చుని జాకెట్టు మెడకి జరీ తీగ కుడుతోంది. పక్కింటి సూరమ్మ తమ అరుగు మీద రొయ్యలు ఒలుచుకుంటూ, ఈమెకి వినపడేలా కోడలి మీద పితూరీలు చెప్పుకుంటోంది. గేటు ముందు మోటారు సైకిలు ఆగింది. ఉమామహేశ్వరి తలెత్తకముందే ఆ బండి చప్పుడు గుర్తుపట్టింది. సూది వేలిలో దిగింది.

శివనాగరాజు గేటు గొళ్ళెం తనే తీసుకుని నెమ్మదిగా లోపలికొచ్చేడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుంది. మొహంలో కోపం లేదు. అది చూసి ఆమెకి ఇంకా భయమేసింది.

"కొత్త ఫోను బాగుందా?" అన్నాడు.

ఆమె సూది పీకి వేలు చీర కొంగులో బిగించింది.

"వంగపండు రంగుది. కువైట్‌ది. నిఖిత పెళ్ళి జాకెట్టు పట్టుకెళ్ళడానికొచ్చినప్పుడు టీచరుగారి చేతిలో చూసేను. ఇలాంటిది మన దగ్గర దొరకదు కదండీ అని నేనే అడిగేను. ఆయ్ దొరకదండీ అన్నారావిడ."

జేబులోంచి తన ఫోను తీసి ఆమె మొహానికి దగ్గరగా పెట్టేడు. కంపెనీ నుంచి వచ్చిన మెసేజు. 'ప్రియమైన వినియోగదారుడా, మీ ఖాతాలోని నంబరు కొత్త ఫోనులోకి మారింది' అని మొదలైంది. కింద ఆమె నంబరు, ఆ ఫోను కంపెనీ పేరు, మోడలు. దాని కింద, ప్రాంతం: రాజోలు. చివర్న ఒక పువ్వు బొమ్మ, 'మీ కుటుంబ భద్రత మా బాధ్యత' అన్న మాట.

ఊరు కంపెనీ చెప్పింది. ఇల్లు ఆ ఫోను చెప్పింది. ఆమె ఎక్కడుందని అతను ఎవర్నీ అడగాల్సిన పనే పడలేదు.

"లే. సంచీ సర్దుకో," అన్నాడు.

"రాను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. శివనాగరాజు ఆమె జబ్బ పట్టుకుని లేపేడు. మిషను మీదున్న జాకెట్టు కింద పడింది. పూసల డబ్బా ఒలికిపోయి వసారా అంతా పూసలు పరుచుకున్నాయి. మెట్ల దాకా లాక్కొచ్చేసరికి గేటు దగ్గర సూరమ్మ నిలబడి ఉంది. చేతుల నిండా రొయ్యల నీచు, ఒక చేతిలో కొబ్బరిమట్ట.

"ఎవరు బాబూ నువ్వు?" అంది.

"ఇది నా పెళ్ళామండి. మా ఇంటి విషయమండి."

"ఇది మీ ఇల్లు కాదు కదా. ఆడమనిషి రానంటోంది. చెయ్యి వదులు."

ఆమె అరవలేదు. మట్ట మాత్రం ఎత్తి పట్టుకుంది. వెనకాల కోడలు, ఆ వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు. శివనాగరాజు చెయ్యి వదిలేడు. నలుగురు చూస్తుండగా అతను ఎప్పుడూ చెయ్యెత్తడు. చొక్కా సర్దుకుని, బండెక్కేముందు ఉమామహేశ్వరి వైపు చూసి అన్నాడు:

"నువ్వెక్కడికెళ్ళినా నేను వెతుక్కోనక్కర్లేదు. కంపెనీవాళ్ళే చెప్తారు."

బండి వెళ్ళిపోయింది. ఉమామహేశ్వరి కింద కూర్చుని పూసలు ఏరడం మొదలుపెట్టింది. మొదట భయంతోనే ఏరింది. ఏరుతూ ఏరుతూ ఉండగా ఆ భయం కోపంగా మారిపోయింది. శివనాగరాజు ఎలాంటివాడో ఆమెకి తెలుసు. అతను వస్తాడనీ, వస్తే ఏం చేస్తాడనీ తెలుసు. కానీ ఈ కంపెనీ ఎవరు? మొహం కూడా తెలీని ఈ మనిషి తన ఫోన్లోకి తొంగి చూసి, తనెక్కడుందో, ఏం పట్టుకుందో మొగుడికి మోసుకెళ్ళి చెప్పిందే. తనని అడిగిందా? తను సిమ్ము పెట్టిన ఆ ఘడియలో, నిద్ర పట్టిందని తను సంతోషపడుతుంటే, వీళ్ళు ఆ పని చేసేసేరు. పైగా పువ్వు బొమ్మ పెట్టి.

గుడి నుంచి స్టెల్లా వచ్చేసరికి ఆమె ఫోన్లోంచి సిమ్ము తీసేసి, చీర కట్టుకుని తయారుగా ఉంది.

ముందు పోలీసు స్టేషనుకి వెళ్ళేరు. శివనాగరాజు మీద ఫిర్యాదు రాసుకున్నారు. కంపెనీ సంగతి చెబితే, అక్కడున్న ఆయన తల గోక్కుని, "మొగుడొచ్చి చెయ్యి పట్టుకున్నాడంటే దానికి సెక్షనుందమ్మా. ఫోన్ కంపెనీ మెసేజు పంపిందంటే ఏం రాయమంటారు?" అన్నాడు. అతను వెటకారంగా అనలేదు. నిజంగానే తెలీక అడిగేడు.

మర్నాడు పొద్దున్నే అమలాపురం బస్సెక్కేరు. తాటిపాక దాటినా, బోడసకుర్రు వంతెన దాటినా ఉమామహేశ్వరి కిటికీలోంచి బయటికి చూడలేదు. అడగాల్సిన మాటలు మనసులో పేర్చుకుంటోంది.

కంపెనీ షోరూములో చల్లగా ఉంది. గోడ మీద ఒక పెద్ద బొమ్మలో తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు నాలుగు ఫోన్లు పట్టుకుని నవ్వుతున్నారు. టోకెన్లు పట్టుకుని కుర్చీల్లో చాలామంది కూర్చునున్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. మేనేజరు పేరు రాజ్ కుమార్. మెడలో కార్డు, చేతికి వాచీ, మొహంలో ఓపిక. ఆమె చెప్పిందంతా విని, కంప్యూటర్లో నంబరు కొట్టి చూసేడు.

"ఈ నంబరు శివనాగరాజు గారి పేరు మీద ఉంది మేడం. ఫ్యామిలీ ప్లాను. ఖాతాదారు ఆయన. మీరు అదనపు వినియోగదారు."

"అంటే?"

"అంటే... ఓనరు ఆయన. మీరు వాడుకుంటున్నారు."

"పదేళ్ళ పైనుంచీ వాడుకుంటున్నానండి. ఈ నంబరుకి వచ్చిన ఏ ఫోనూ ఆయన కోసం రాలేదు."

"అది నిజమే మేడం. కానీ రికార్డులో..."

"రికార్డు సంగతి తర్వాత చెప్పండి. నేను ఫోను మార్చేనని మీకెలా తెలిసింది?"

రాజ్ కుమార్ కాస్త ఉత్సాహపడ్డాడు. తెలిసిన సంగతి అడిగితే ఎవరికైనా అంతే కదా. "ప్రతి ఫోనుకీ ఒక నంబరుంటుంది మేడం, పుట్టుమచ్చలాగ. సిమ్ము అందులో పెట్టగానే ఏ సిమ్ము ఏ ఫోన్లో ఉందో టవరుకి తెలుస్తుంది. ఆ ఫోనుకి తగ్గట్టు ఇంటర్నెట్టు సెట్టింగులు పంపించడానికి అది కావాలి. ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. ఆటోమేటిక్."

"మీకు తెలిస్తే తెలిసింది. ఆయనకి ఎందుకు చెప్పేరు?"

"అది భద్రతా సర్వీసు మేడం. ఇంట్లోవాళ్ళ ఫోను ఎవరైనా దొంగిలించి వేరే దాన్లో సిమ్ము పెట్టేరనుకోండి, వెంటనే ఓనరుకి తెలిసిపోతుంది. చాలామందికి ఉపయోగపడింది. ఉచితం."

"ఆయన అడిగేరా, నాకు ఇది పెట్టమని?"

రాజ్ కుమార్ తెర మీదికి వంగి చూసేడు. చాలాసేపు చూసేడు. "లేదు మేడం," అన్నాడు చివరికి. "ఆయన అడగలేదు. ఈ ప్లాను ఉన్నవాళ్ళందరికీ దానంతటదే ఆన్ అయింది."

ఉమామహేశ్వరి స్టెల్లా వైపు చూసింది. ఇప్పటిదాకా ఆమె మనసులో ఒక బొమ్మ ఉంది: శివనాగరాజు కంపెనీవాళ్ళని బతిమాలి, ఏదో కథ చెప్పి, ఈ పని చేయించుకున్నాడని. అతనలాంటివాడే. కానీ అతను అడగనే లేదు. అడగకుండానే ఇచ్చేరు. తన్నేవాడి చేతికి తన చిరునామా తెచ్చి పెట్టేరు, తీసుకోండి ఉచితం అని.

"తీసెయ్యండి," అంది.

"తీసేస్తాం మేడం. రిక్వెస్టు పెడుతున్నాను." రాజ్ కుమార్ ఏదో కొట్టి, ఆగిపోయేడు. ఆ ఓపికున్న మొహంలో మొదటిసారి ఇబ్బంది కనపడింది. "ఓటీపీ వస్తుంది మేడం."

"నా ఫోనుకా?"

"ఓనరు ఫోనుకి."

స్టెల్లా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "బాబూ," అంది, పాఠం అర్థంకాని పిల్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా. "ఆయన్నుంచి దాక్కోవడానికి ఆయన్నే అనుమతి అడగమంటున్నావు."

"సిస్టం అలా ఉందండి. మా చేతిలో లేదు."

"పోనీ నంబరు నా పేరు మీదికి మార్చండి," అంది ఉమామహేశ్వరి.

"దానికీ ఓనరు సంతకం కావాలి మేడం."

ఆమె కుర్చీలోంచి లేచింది. రాజ్ కుమార్ ఆవిడ వెళ్ళిపోతోందనుకుని, నమస్కారం పెట్టడానికి చేతులు కలిపేడు కూడా. ఆమె వెళ్ళలేదు. టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళ వైపు తిరిగింది. పదిమందిలో మాట్లాడ్డం ఆమెకి అలవాటు లేదు. గొంతు సన్నగానే వచ్చింది.

"ఏవండీ, ఒక్క మాట చెప్పండి. మీ చేతుల్లో ఉన్న సిమ్ములు ఎవరి పేరు మీద ఉన్నాయి?"

ముందు వరసలో ఒడిలో పిల్లాణ్ణి పెట్టుకున్న ఒక అమ్మాయి మొహమాటంగా, "మా మావయ్యగారి పేరు మీదండి," అంది. ఆ పక్కావిడ, "మా ఆయనదేనండి, మస్కట్‌లో ఉంటారు," అంది. ఒక ముసలావిడ తన ఫోను తిప్పి చూసి, "మా పెద్దాడు కొనిచ్చేడు, ఏమో మరి, వాడి పేరే అయ్యుంటుంది," అంది. గోడ పక్కన నిలబడ్డ సన్నపాటి ఆవిడ మాత్రం ఫోను గుప్పిట్లో బిగించింది.

"నేను మా ఆయన దెబ్బలకి తట్టుకోలేక ఇల్లు వదిలొచ్చేనండి," అంది ఉమామహేశ్వరి. అలాంటి మాట అందరి ముందూ అనడం అదే మొదలు. అన్నాక, అనుకున్నంత కష్టంగా లేదనిపించింది. "ఇంకో ఫోన్లో సిమ్ము పెట్టుకున్నాను. ఈ కంపెనీవాళ్ళు నాకు తెలీకుండా, నేను ఏ ఊళ్ళో ఉన్నానో, ఎలాంటి ఫోను పట్టుకున్నానో ఆయనకి మెసేజు పంపించేరు. ఆయనొచ్చి నా జబ్బ పట్టుకుని లాక్కెళ్ళబోయేడు. ఆయన అడక్కుండానే పంపించేరండి. మీ అందరికీ కూడా అది ఆన్‌లోనే ఉందట."

అందరూ ఒకేసారి మాట్లాడ్డం మొదలెట్టేరు. ఒడిలో పిల్లాడున్న అమ్మాయి కౌంటరు దగ్గరికొచ్చి, "నాదాంట్లో కూడా ఉందాండి? మా పుట్టింటికి వెళ్తే కూడా చెప్తుందా?" అని అడిగింది. మస్కట్‌ ఆవిడ, "మొన్న ఫోను రిపేరుకిచ్చి మా చెల్లెలి ఫోన్లో సిమ్ము పెట్టుకుంటే, ఆ ఫోను ఎవరిదని మా ఆయన అంత గొడవ చేసేడు. ఆయనకెలా తెలిసిందా అని ఇన్నాళ్ళూ బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాను," అంది. గోడ పక్కావిడ అప్పుడు ముందుకొచ్చింది. ఆమె పేరు ముత్యాలు. మొగుడు పోయేక బావగారి పంచన ఉంటోంది. సిమ్ము ఆయన పేరు మీదే ఉంది. "నేను పని వెతుక్కుందామనుకుంటున్నానండి," అని మాత్రం అంది. మిగతాది ఎవరూ అడగలేదు.

రాజ్ కుమార్ పైవాళ్ళకి ఫోన్ చేసేడు. చాలాసేపు అటూ ఇటూ కలిపేక ఎవరో పెద్దాయన దొరికేడు. గొంతులో హుందాతనం ఉంది. రాజ్ కుమార్ స్పీకరు పెట్టేడు.

"మేడం, మీ ఆందోళన అర్థమైంది. కానీ మా కంపెనీ వినియోగదారుల సమాచారం మూడో మనిషికి ఎప్పుడూ ఇవ్వదు. ఖాతాదారుకి మాత్రమే ఇస్తుంది. అది పాలసీ."

"నేనెక్కడున్నానో మీకు తెలుసు," అంది ఉమామహేశ్వరి. "ఆయనకి తెలుసు. మీరు చెప్పేరని తెలీనిది నాకు ఒక్కదానికే. ఇందులో మూడో మనిషి ఎవరండీ? నేనా?"

ఆమె ఫోను తన వైపు జరుపుకుంది.

"నా ఒళ్ళు, నా ఊరు, నా చేతిలో ఫోను. దాని గురించి మీరూ ఆయనా మాట్లాడుకున్నారు. నన్ను అడగాల్సిన పని లేదనుకున్నారు. ఇల్లు ఆయన పేరు మీద ఉంటే ఇంట్లో ఉన్న మనిషి కూడా ఆయన పేరు మీద ఉన్నట్టేనాండి మీ లెక్కలో?"

"మేడం, మీరు ఫిర్యాదు రాసిస్తే పరిశీలిస్తాం."

"రాసిస్తాను. అదయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను."

కూర్చుంది. స్టెల్లా, ముత్యాలు పక్కన కూర్చున్నారు. టోకెను పిలిచినా ముత్యాలు లేవలేదు, ఆ తర్వాతి ఆవిడా లేవలేదు. మధ్యాహ్నానికి కౌంటర్లలో పని పూర్తిగా ఆగిపోయింది. ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారని రాజ్ కుమార్ గమనించి మళ్ళీ పైకి ఫోన్ చేసేడు. ఎండ వాలేముందు ఎక్కడో ఏదో నొక్కేరు. ఉమామహేశ్వరి నంబరు మీద ఆ సర్వీసు తీసేసేరు. ఓటీపీ ఏమీ అవసరం కాలేదు.

"అంటే కుదురుతుందన్నమాట," అంది స్టెల్లా.

రాజ్ కుమార్ తల దించుకున్నాడు. "మీ ఒక్కరికే చేసేం మేడం, ప్రత్యేకంగా," అన్నాడు.

ఆ 'మీ ఒక్కరికే' అన్న మాటే ఆమెని ఊరుకోనివ్వలేదు. ఆ వారంలోనే తన పేరు మీద కొత్త సిమ్ము తీసుకుంది. కాలు అరిగేలా తిరిగి బ్యాంకులో నంబరు మార్పించుకుంది. పాత నంబరుని శివనాగరాజు కోపంతో కట్ చేయించేసేడు. గిరాకీ కొంత పోయింది, చాలామంది స్టెల్లా ద్వారానో ఇంకెవరి ద్వారానో వెతుక్కుంటూ వచ్చేరు. అమలాపురం కోర్టు శివనాగరాజుని ఆమె ఉన్నచోటికి రాకూడదని ఆర్డరు వేసింది. అక్కడితో ఊరుకుంటే ఆమె కథ సుఖాంతమే. పుట్టింటివాళ్ళు కూడా అదే అన్నారు. నీ పని అయిపోయింది కదే, ఇంకా ఎందుకు అని.

"అయిపోవడమేంటమ్మా," అంది ఉమామహేశ్వరి తల్లితో. "నన్ను పట్టిచ్చినవాళ్ళు ఇంకా అందర్నీ పట్టిస్తూనే ఉన్నారు."

అమలాపురంలో భవానీదేవి అనే లాయరు ఆమె తరపున వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసింది. వాయిదాలకి కాకినాడ వెళ్ళాలి. ఏ వాయిదాకి వెళ్ళినా స్టెల్లానో సూరమ్మో వెంట వెళ్ళేవారు. కంపెనీ తరపు లాయరు చక్కటి తెలుగులో వాదించేడు. ఈ ఫిర్యాదుదారు అసలు తమ కంపెనీకి వినియోగదారే కాదని, నంబరు ఆమెది కానప్పుడు ఆమెకి నష్టం జరిగే ప్రసక్తే లేదని. ఆ మాట విన్నప్పుడు ఉమామహేశ్వరికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఫోను ఎక్కడుందో పట్టుకోవడానికి తను ఉంది. నష్టం చెప్పుకోవడానికి మాత్రం తను లేదు.

కమిషన్ పెద్దాయన ఆమెనే అడిగేడు, "మీరేం కోరుతున్నారమ్మా?"

"అడగమంటున్నానండి," అంది ఆమె. "ఎవరి గురించి చెప్తున్నారో ఆ మనిషిని ముందు అడగమంటున్నాను. ఇంతకంటే ఏమీ లేదండి."

తీర్పు ఆమె వైపే వచ్చింది. నంబరు ఎవరి పేరు మీద ఉన్నా, దాన్ని వాడే మనిషి కూడా వినియోగదారేనని, ఆ మనిషి ఒప్పుకోకుండా ఫోను వివరాలు గానీ ఊరు గానీ ఎవరికీ పంపకూడదని. కంపెనీ పైకి అప్పీలుకి వెళ్తుందని అందరూ అనుకున్నారు. వెళ్ళలేదు. దారి మార్చుకుంటామని కాగితం ఇచ్చింది. భవానీదేవి లడ్డూలు తెప్పించింది. సూరమ్మ రాజోలులో వీధంతా పంచింది. ఉమామహేశ్వరి ఆ రోజు మిషను ముట్టుకోలేదు.

కొన్ని వారాలు గడిచేయి. ఒక పొద్దున్న ముత్యాలు గేటు తోసుకుని లోపలికొచ్చింది. అమలాపురంలో ఆ రోజు తర్వాత ఇద్దరూ అప్పుడప్పుడు మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఉమామహేశ్వరి చూసిపెట్టిన బట్టల కొట్టులో ముత్యాలుకి ఈమధ్యే పని కుదిరింది. ఈవేళ ఆమె పెదవి చిట్లి ఉంది.

"ఏమైంది?"

ముత్యాలు మెట్ల మీద కూర్చుంది. "వాళ్ళు అడిగేరండి. మీరు చెప్పినట్టే అడిగేరు. కొట్టువాళ్ళు ఇచ్చిన ఫోన్లో సిమ్ము పెట్టగానే, 'మీ ఫోను వివరాలు మీ ఖాతాదారుకి తెలియజేయమంటారా' అని వచ్చింది. వద్దు అని నొక్కేను."

"మంచి పని చేసేవు."

"నిన్న సాయంత్రం మా బావగారు అడిగేరండి, వద్దని ఎందుకు నొక్కేవు, నా దగ్గర దాచేదేముంది అని." ముత్యాలు ఫోను చూపించింది. బావగారికొచ్చిన మెసేజుని ఆయన కూతురు ఫొటో తీసి పంపిందట. 'ప్రియమైన ఖాతాదారుడా, మీ ఖాతాలోని వినియోగదారు తన ఫోను వివరాలు మీకు తెలియజేయడానికి నిరాకరించారు.' అదే పువ్వు బొమ్మ, అదే మాట కింద.

ఉమామహేశ్వరి దాన్ని చదివింది. మళ్ళీ చదివింది. వివరాలు చెప్పొద్దని తీర్పిచ్చేరు, చెప్పలేదు. వద్దందన్న సంగతి చెప్పొద్దని తీర్పులో లేదు కాబట్టి అది చెప్పేరు. ఆలోచించే చేసేరో, ఆలోచించకుండా దానంతటదే జరిగిందో. ఏదైనా ముత్యాలు పెదవి మాత్రం చిట్లింది.

లోపలికెళ్ళి గ్లాసుడు నీళ్ళు, ఐసు ముక్క గుడ్డలో చుట్టి తెచ్చిచ్చింది. పక్కింటి వైపు తిరిగి, "సూరమ్మ గారూ, ఇల్లు చూస్తుంటారా? టీచరుగారొస్తే అమలాపురం లాయరుగారి దగ్గరికెళ్ళేమని చెప్పండి," అంది.

"మళ్ళీనా?" అంది సూరమ్మ.

"ఆయ్, మళ్ళీనే అండి."

ముత్యాలు లేవడానికి సందేహించింది. "నా వల్ల మీకు మళ్ళీ తిరుగుడండి. పోనీ నేనూ కొత్త సిమ్ము తీసుకుంటే సరిపోతుందేమో."

"అదీ తీసుకుందాం, దార్లోనే," అంది ఉమామహేశ్వరి చెప్పులు వేసుకుంటూ. "నీ పేరు మీదే తీసుకుందాం. కానీ ఆ మెసేజు చెరిపెయ్యకు. అది వాళ్ళకి చూపించాలి."

ఇద్దరూ గేటు దాటి బస్సు రోడ్డు వైపు నడిచేరు. ఉమామహేశ్వరి అడుగులు ఎంత వేగంగా పడుతున్నాయంటే, ముత్యాలు ఐసు గుడ్డ పెదవికి అదిమిపట్టుకుని ఆమెని అందుకోవడానికి కాస్త పరుగెత్తాల్సొచ్చింది.